ముందు పెట్టిన రెండు రేడియేటర్లు

రేడియేటర్ అనే వస్తువును నేను మొదట చూసింది అత్తవారింట్లో. సాలూరులో వాళ్లది లారీల ఇల్లు. పెరటి గుమ్మానికి అడ్డంగా పాత రేడియేటర్ ఒకటి ఆనించి ఉండేది, కోళ్లు వంటింట్లోకి రాకుండా. దాని రేకుల సందుల్లో మట్టి, ఎండిన గడ్డి పట్టేసి ఉండేవి. అదేమిటని అడిగితే మా ఆయన, "ఇంజను నీళ్లు అందులోనే సల్లారతాయి" అన్నాడు. ఆ జవాబు అప్పటికి సరిపోయింది. ఈ వేసవిలో సరిపోలేదు.

ఈ వేసవంతా నేను రెండు రేడియేటర్లతో గడిపాను. అవి లారీవి కావు, కంప్యూటర్‌వి. నల్లగా, సన్నగా, మూరెడు లోపు పొడవున్నవి. వాటి గురించి రాయడానికి ఇంతకన్నా మంచి మాటలు నా దగ్గర లేవు. ఉన్నా వాడను. దుఃఖం గురించి రాసేవాళ్లు ప్రతి వస్తువునూ ఇంకో వస్తువుతో పోలుస్తారు. అలాంటి పుస్తకాలు చాలా చదివాను. ఈ సంవత్సరం అవి నాకు పనికిరాలేదు.

మా ఆయన ఆమదాలవలసలో, స్టేషన్‌కు వెళ్లే రోడ్డు మీద, పెళ్లి వీడియోల స్టూడియో నడిపేవాడు. నేను అదే ఊళ్లో జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఇప్పటి కెమెరాలు తీసే బొమ్మ చాలా బరువు. దాన్ని కోసి, అతికి, రంగులు సరిచేసి, చివరికి సినిమాగా బయటికి తీయాలంటే మామూలు కంప్యూటర్ వల్ల కాదు. అందుకని ఆయన తన కంప్యూటర్‌ను, తయారుచేసినవాళ్లు పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపేవాడు. దాన్ని ఓవర్‌క్లాక్ అంటారు. వేగం పెంచితే వేడి పెరుగుతుంది. మా ఊరి ఎండలో ఆ వేడి ఫ్యాన్లకు లొంగలేదు. ఇక నీళ్లతో చల్లార్చాల్సిందే అని నిర్ణయించుకున్నాడు.

పద్ధతి చెప్పడం సులువు. ప్రాసెసర్ మీద ఒక రాగి దిమ్మ, గ్రాఫిక్స్ కార్డు మీద ఇంకో రాగి దిమ్మ బిగిస్తారు. చిన్న పంపు వాటి గుండా నీళ్లను తిప్పుతుంది. వేడెక్కిన నీళ్లు గొట్టంలో రేడియేటర్‌కు వెళ్లి, ఫ్యాన్ల గాలికి చల్లబడి, మళ్లీ వెనక్కి వస్తాయి. రేడియేటర్లను క్యాబినెట్‌లో ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. ఆయనకు అందులో అనుమానమే లేదు.

"లారీ ముందు జాలీ తీసి ఎప్పుడైనా సూసినావా? ఒకదాని ఎనకాల ఒకటి ఉంటాయి. ముందు టర్బో గాలి సల్లార్సేది, దాని ఎనకాల నీళ్ల రేడియేటరు, దాని ఎనకాల ఫ్యాను. ఎంత లోడు లాగినా ఏటీ అవదు. మనమూ అలగే పెడదాం."

అలాగే క్యాబినెట్ ముందు భాగంలో రెండు వరసల క్లాంపులకు రంధ్రాలు వేశాడు. లోపలి రేకు మీద మార్కర్‌తో బాణాలు గీశాడు. ఒకదాని పక్కన "గాలి" అని, ఇంకోదాని పక్కన "నీళ్లు" అని రాశాడు. పాత ఫ్యాను కూలర్‌ను తీసేసి, పాతపట్నంలో స్టూడియో పెట్టుకున్న స్నేహితుడికి ఇచ్చేశాడు. నీళ్లు తిరిగేదాకా ఆ కంప్యూటర్ ఇక నడవదు. ఆయనకు అది పెద్ద విషయంగా తోచలేదు. వారంలో సామాన్లు వచ్చేస్తాయి, ఆదివారం బిగించేస్తాను అన్నాడు.

ఆ కంప్యూటర్‌లో ఒక పెళ్లి ఉంది. మా బావగారి, అంటే ఆయన అన్నగారి, ఒక్కగానొక్క కూతురి పెళ్లి. మాఘమాసంలో సాలూరులో జరిగింది. సొంత అన్న కూతురు కదా అని మామూలుగా పెట్టేటన్ని కన్నా ఎక్కువ కెమెరాలు పెట్టాడు. ఇంటికొచ్చి, పాత కూలర్ ఉండగానే పగళ్లంతా కూర్చుని కూర్పు పూర్తిచేశాడు. ఎక్కడ ఏ ముక్క ఉండాలో, ఎక్కడ పాట తగ్గి మాట వినిపించాలో, అంతా ఆయన తేల్చేసిందే. బయటికి తీయడం ఒక్కటే మిగిలింది. అది చల్లార్చే ఏర్పాటు అయ్యాక తీద్దామని ఆగాడు. ఫాల్గుణంలో ఒక పొద్దున టీ గ్లాసు కింద పెట్టి, ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. శ్రీకాకుళం ఆసుపత్రికి చేరేలోపు అయిపోయింది.

పార్సిల్ ఆ తర్వాత వచ్చింది.

విశాఖపట్నంలో ఒక పెద్ద స్టూడియో వాళ్లను అడిగాను. "ఆయన ప్రాజెక్టు మా దగ్గర తెరుచుకోదండీ. కెమెరా ముక్కలు ఇవ్వండి, మొదట్నించీ చేసిస్తాం" అన్నారు. బాగానే చేస్తారు, సందేహం లేదు. కాని అది వాళ్లు చేసిన సినిమా అవుతుంది. ఆయన కూర్చింది ఆ ఒక్క కంప్యూటర్ లోపలే ఉంది. అది నడిస్తేనే బయటికి వస్తుంది. నేను కోరుకున్నది ఇంతే. పెద్ద కోరికేమీ కాదు.

వేసవి సెలవులు ఇవ్వగానే స్టూడియో తలుపు తీశాను. వీడియోలు చూశాను, మాన్యువల్ చదివాను. పుస్తకం చదివి అర్థం చేసుకోవడం నా వృత్తి. ఈ మాన్యువల్ నాకు అర్థం కాలేదు. అందులో మాటలు లేవు, బొమ్మలే ఉన్నాయి. బొమ్మలో మనిషి నవ్వుతూ మరలు తిప్పుతున్నాడు. ఏ మర దేనికో లేదు. పొడుగు మర పొరపాటున రేడియేటర్‌లోకి దిగితే లోపలి నీళ్ల గొట్టం చిల్లు పడుతుందని ఎక్కడో ఎవరో రాశారు. ఏది పొడుగు మర, ఏది పొట్టి మర, మిల్లీమీటర్ తేడాతో నాలుగు రకాలున్నాయి. ఒక పొద్దంతా వాటిని దువ్వెన పళ్లకు ఆనించి వరసపెట్టాను.

సామాన్లు పంపిన హైదరాబాదు షాపుకు ఫోన్ చేశాను.

"రెండూ ముందే పెడుతున్నారా? ఫిట్ అవుతాయి మేడమ్. అయినా సార్‌కి ఇవ్వండి ఫోను, నేను చెప్తాను."

"సార్ లేరు."

"ఎప్పుడొస్తారు?"

"రారు. నాకే చెప్పండి."

"టెక్నికల్ మేడమ్ ఇది. సార్ వచ్చాక ఒకసారి మిస్డ్ కాల్ ఇమ్మనండి చాలు."

ఫోన్ పెట్టేశాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ అబ్బాయి మీద కాదు. ఎదురుగా బల్ల మీద మూత తీసి ఉన్న ఆ క్యాబినెట్ మీద. గాలి అని రాసిన బాణం మీద. ఆ "గా"కు ఆయన దీర్ఘం ఎప్పుడూ సగమే పెట్టేవాడు.

మూడో నాటికి బావగారు వచ్చారు. సాలూరు నుంచి లోడుతో వచ్చిన లారీని ధాన్యం మిల్లు దగ్గర వదిలి, భుజాన తువ్వాలు, చేతిలో తెల్ల క్యాన్‌తో మెట్లెక్కారు. ఆయన భారీ మనిషి. స్టూడియోలో కెమెరా స్టాండ్ల మధ్య ఎటు తిరిగినా ఏదో ఒకటి తగులుతుంది.

"ఇదిగోనమ్మా నీళ్లు. నువ్వు ఫోన్లో డిస్టిల్డు డిస్టిల్డు అంటే ఏటో అనుకున్నాను. మా బేటరీల్లో పోసే నీళ్లే కదేటి. సాలూరులో కొట్టుకి పది డబ్బాలుంటాయి."

ఇంకో చేత్తో సంచిలోంచి ఆకుపచ్చటి సీసా తీశారు. "కూలెంటు. ఒక మూత ఎయ్. తుప్పు పట్టదు."

"వద్దు బావగారూ, రాగి దిమ్మలు పాడవుతాయేమో. మాన్యువల్లో వాళ్లు పంపిన సీసా బొమ్మే ఉంది, ఈ నీళ్లలో అదే కలపాలి."

"మేన్యువల్లో లారీ నడిపినోడు రాసినాడేటి?" అన్నారు గాని సీసా తిరిగి సంచిలో పెట్టేశారు.

ఇద్దరం కలిసి బిగించాం. ఆయన తమ్ముడు వేసిన రంధ్రాల్లో క్లాంపులు దిగాయి. ముందు ఒక రేడియేటర్, దాని వెనక ఫ్యాన్లు, ఆ వెనక రెండో రేడియేటర్. గాలి బాణం ఎటు చూపిస్తే అటు. గొట్టాలు కోయడం, తొడగడం నా పని. బిగించడం ఆయన పని. అక్కడే వచ్చింది చిక్కు. గొట్టం చివర పెట్టే చిన్న ఇత్తడి మూతలను చేత్తోనే తిప్పాలి. ఆయన స్పానర్ తీశారు. నేను వద్దనేలోపు కీచుమంది. రబ్బరు రింగు నలిగిపోయింది. నీళ్లు పోసి పంపు ఒక్కదాన్నే తిప్పి చూస్తే, టిష్యూ కాగితం తడిసింది.

"ఒదులుగా ఉంటే కారతాది కదమ్మా!"

"గట్టిగా ఉన్నా కారుతుంది బావగారూ."

"ఏటి బండి ఇది? ముట్టుకుంటే కందిపోతాది."

కొత్త రింగు కొరియర్‌లో వచ్చేదాకా ఆగాం. కొరియర్ వాడు శ్రీకాకుళం దాకా వచ్చి, అడ్రసు దొరకలేదని, వెనక్కి పంపమని రాసేశాడు. నేనే బస్సెక్కి వెళ్లి, ఎండలో, వాళ్ల గోడౌన్ ముందు నిలబడి తెచ్చుకున్నాను. చిటికెన వేలి ఉంగరమంత రబ్బరు ముక్క. ఇంత చిన్న వస్తువు కోసం ఇంత పెద్ద అట్టపెట్టె. మామూలప్పుడు ఇంటికెళ్లి ఆయనకు చెప్పుకునేదాన్ని ఇలాంటివి. ఆయన నవ్వేవాడు, అంతటితో అయిపోయేది. ఇప్పుడు చిరాకు చిరాకుగానే మిగిలిపోతోంది.

మొదటిసారి స్విచ్ వేసే రోజు బావగారు మళ్లీ వచ్చారు. జేబులోంచి నిమ్మకాయలు తీశారు. కొత్త బండి తీసినప్పుడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం వాళ్లింట్లో ఆనవాయితీ. క్యాబినెట్‌కు టైర్లు లేవు. ఆయన కాసేపు చూసి, దాన్ని ఒక పక్క ఎత్తి, నాలుగు రబ్బరు కాళ్ల కిందా నాలుగు కాయలు దోపి, దించారు. క్యాబినెట్ ఒరిగింది.

"బావగారూ, లోపల నీళ్లున్నాయి."

"ఒక్క నిమిషమమ్మా. సొట్ట పడితే సాలు, తీసీస్తాను."

తీసేశారు. స్విచ్ వేశాం. నడిచింది. పంపు సన్నగా మోగింది. ఫ్యాన్లన్నిటికీ రంగు లైట్లు వెలిగాయి. ఎర్రగా, నీలంగా, ఆకుపచ్చగా ఒకదాన్నొకటి తరుముకుంటూ తిరిగాయి. నాకు అవి అక్కర్లేదు. ఆపుదామని చూశాను. లైటు వైరు, ఫ్యాను వైరు ఒకటే. లైటు తీస్తే ఫ్యాను ఆగుతుంది.

"ఉండనీ అమ్మా. మా కొత్త లారీకీ ఇలగే ఏసినాం" అన్నారు బావగారు, మొదటిసారి తృప్తిగా.

పెళ్లి ప్రాజెక్టు తెరిచి, బయటికి తీయమని ఆజ్ఞ ఇచ్చాను. తెర మీద గీత మెల్లగా నిండుతూ వచ్చింది. స్నాతకం అయింది. జీలకర్ర బెల్లం అయింది. ఊరేగింపు దగ్గరకు వచ్చేసరికి కంప్యూటర్ టక్కున ఆగిపోయింది. తెర నల్లబడింది. మళ్లీ వేశాను. మళ్లీ ఊరేగింపు దగ్గరే ఆగింది. అక్కడ ఆయన అన్ని కెమెరాల బొమ్మలనూ ఒకదాని మీద ఒకటి పేర్చాడు. బాణసంచా, పెట్రోమాక్స్ లైట్లు, బ్యాండు మేళం, ఎదురుగా పెళ్లికూతురి ముఖం. పని అక్కడే ఎక్కువ. వేడి అక్కడే హద్దు దాటుతోంది. హద్దు దాటితే కాలిపోకుండా కంప్యూటర్ తనంతట తానే ఆగుతుంది.

ఆ తర్వాతి రోజుల్లో చెయ్యని ప్రయత్నం లేదు. వేగం తగ్గించాను. ఆలస్యంగా వెళ్లి అదే చోట ఆగింది. ఏసీ వేశాను. వోల్టేజీ పడిపోయి ఏసీ ముందు ఆగింది, దాని వెనకే ఇదీ ఆగింది. తెల్లవారుతూనే మొదలుపెట్టాను. కరెంటు పోయింది. ముక్కలుగా తీశాను. ఊరేగింపు చిన్నచిన్న ముక్కల్లో వచ్చింది కాని, అతికితే ప్రతి అతుకు దగ్గరా మేళం తెగింది. బావగారు ఫోన్లో, "గాలి పట్టేసుంటాది, నీళ్లలో గాలి ఉంటే తిరగవు" అన్నారు. క్యాబినెట్‌ను అటూ ఇటూ ఒంచి గాలి తీశాను. బుడగలు పోయాయి. ఫలితం మారలేదు. రాగి దిమ్మ విప్పి, మధ్యలో పూసే పేస్టు తుడిచి మళ్లీ పూశాను. మూడో రకం పేస్టు కూడా పూశాను.

ఇంతలో తోడికోడలు ఫోన్.

"ఒసే సెల్లీ, ఆ కెమెరా ముక్కల డిస్కులు ఇశాపట్నం ఇచ్చీయే. మన ఆడగుంటని అత్తోరు రోజూ అడుగుతన్నారు. పెళ్లయి ఇన్నాళ్లయినాది, ఒక్క బొమ్మ సూపించలేదని. దానికి అక్కడ మొకం సెల్లటం లేదు."

"ఇంకో వారం ఆగు అక్కా. నడుస్తుంది."

"నడుస్తాదని నువ్వంటన్నావు. అది నడవటం లేదు కదే. ఆదివారం మీ బావ వస్తాడు. డిస్కులు ఇచ్చీయ్. నాకు మాత్రం ఉండదేటి, ఆడు సేసిందే సూడాలని?"

ఆమె మాటలో తప్పు లేదు. నిన్నమొన్న పెళ్లయిన పిల్ల అత్తవారింట్లో మాట పడుతోంది. నా పంతం కోసం ఎన్నాళ్లు పడాలి? ఆదివారానికి ఇంక ఎన్నో రోజులు లేవు.

ఆ రోజు మధ్యాహ్నం ఏ ఆలోచనా లేకుండా కంప్యూటర్ ముందు కూర్చుని, మళ్లీ అదే ఆజ్ఞ ఇచ్చి, పక్క అద్దం తీసేసి లోపలికి చూస్తూ ఉన్నాను. రెండు రేడియేటర్ల మధ్య ఫ్యాన్ల పక్కన కాస్త సందు ఉంది. అందులోకి వేళ్లు పెట్టాను. ముందు రేడియేటర్ దాటి వస్తున్న గాలి అప్పటికే వేడిగా ఉంది. అన్నం కుండ మూత తీస్తే తగిలే ఆవిరంత వేడి. ఆ గాలే రెండో రేడియేటర్‌కు పోతోంది. వేడి నీళ్లను వేడి గాలితో చల్లార్చాలని చూస్తున్నాం. పైగా రెండు రేడియేటర్లను చీల్చుకుని రాలేక గాలి వెనక సన్నబడిపోయింది. రెండో దాని వెనక టిష్యూ కాగితం పట్టుకుంటే కదలనైనా లేదు.

లారీకి అలాగే ఉంటుంది కదా? లారీకి ఎందుకు సరిపోతుంది, దీనికి ఎందుకు సరిపోదు?

బావగారికి ఫోన్ చేశాను.

"ఒక్క మాట చెప్పండి. మన లారీలు సాలూరు ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కుతాయా?"

"ఎక్కవేటి మరి? లోడుతో ఫస్టు గేర్లో పాకతాది కదా. గాలి ఎక్కడ్నించి వస్తాది? రోడ్డు మీదైతే పరుగుకి గాలే తోసుకొచ్చీస్తాది."

"ఘాట్‌లో వేడెక్కితే ఏం చేస్తారు?"

"ఆపీస్తాం. సల్లారినాక ఎల్తాం. ఎందుకమ్మా?"

"మన బండి ఎప్పుడూ ఘాట్‌లోనే ఉంది బావగారూ. ఇది పరిగెత్తదు. బల్ల మీద కూర్చుంటుంది."

అవతల ఎక్కడో లారీ హారన్ వినిపించింది.

"ఒరే తమ్ముడా..." అన్నారు, నాతో కాదు. తర్వాత, "ఆడు ఘాట్ ఎన్నిసార్లు ఎక్కుంటాడు నాతోటి. ఆడికి తెలీదేటి!" అన్నారు.

నా కోపం కూడా అదే. తెలియదా? పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి లారీ క్యాబిన్లో పెరిగినవాడు. పెళ్లయిన కొత్తలో నన్ను కూడా ఆ ఘాట్ మీదుగా లారీలోనే తీసుకెళ్లాడు. మధ్యలో బండి వేడెక్కి ఆగితే, దిగి రాయి మీద కూర్చున్నాం. "గాలి లేదు, అందుకే" అని చెప్పింది ఆయనే. అది నాకు గుర్తుంది. తనకు గుర్తు లేదు. ఇంట్లో చూసిందే సరైనదనుకున్నాడు. చిన్నప్పటి నుంచి చూసిన దాన్ని ఎవరు ప్రశ్నిస్తారు? ఉండి ఉంటే ఒక్క పూటలో తనే కనిపెట్టి, తిట్టుకుని, మార్చేసేవాడు. నేను వేసవంతా ఆ బాణాలకు లోబడి తిరిగాను. గీసినవాడు మార్చుకునే వీల్లేదు కాబట్టి నేనూ మార్చకూడదనుకున్నాను. ఎవరు చెప్పారు నాకు అలా అని?

విప్పడం మొదలుపెట్టాక కూడా ఒక క్లాంపు దగ్గర చెయ్యి ఆగింది. ఆ రంధ్రం చుట్టూ ఆయన ఆకురాయితో రాసి నున్నగా చేశాడు, గొట్టం కోసుకోకుండా. ఆ శ్రద్ధంతా తప్పు చోట పెట్టాడు. మర విప్పేశాను.

రెండో రేడియేటర్‌ను పైకప్పు కింద పెట్టాలి. ముందుదాని నుంచి చల్లగాలి లోపలికి, పైదాని నుంచి వేడిగాలి బయటికి. మామూలుగా అందరూ పెట్టేది అలాగేనట. ఇప్పుడు చదివితే ప్రతి చోటా అదే రాసి ఉంది. నేను ఇంతకు ముందూ అవే పేజీలు చదివాను. కాని పైన పట్టలేదు. రేడియేటర్, దాని కింద ఫ్యాన్లు కలిపితే మెమరీ కార్డుల మీద కూర్చుంటున్నాయి, వేలెడు తేడాతో. ఎటు జరిపినా వేలెడు. అలా ఇలా కాదని అడ్డంగా, నిలువుగా, తలకిందులుగా పెట్టి చూశాను. పెట్టినప్పుడల్లా ఒక గొట్టం ఊడదీయాలి, నీళ్లు వంపాలి, తుడవాలి.

శనివారం పొద్దున్నే బావగారు డ్రిల్లు మిషనుతో వచ్చారు. ఆదివారం రావలసిన మనిషి. పైన పట్టడం లేదని ముందు రోజు ఫోన్లో చెప్పాను.

"లోపల పట్టకపోతే బయట పెట్టు. కేబిన్ టాపు మీద టార్పాలిన్ కట్టమేటి?"

ఫ్యాన్లు లోపల, రేడియేటర్ బయట కప్పు మీద. రెండు గొట్టాలు దూరడానికి పైరేకుకు ఆయన రెండు రంధ్రాలు వేశారు. అంచులకు లారీ అద్దాలకు వేసే రబ్బరు పట్టీ కోసి తొడిగారు. ఈసారి మూతలు మాత్రం ముట్టుకోలేదు.

"నువ్వే తిప్పమ్మా. నాది లారీ సెయ్యి."

పూర్తయ్యాక ఇద్దరం వెనక్కి జరిగి చూశాం. అందంగా లేదు. సామాను నెత్తిన పెట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషిలా ఉంది. పోలిక వాడనన్నాను, వాడాను. అలాగే ఉంది మరి.

"ఆడు సూస్తే తిడతాడు" అన్నారు బావగారు.

"తిట్టమనండి."

ఆయన నా వంక చూసి, నవ్వబోయి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

స్విచ్ వేశాం. నిమ్మకాయలు పెట్టలేదు. లైట్లు మామూలుగా తిరిగాయి. గీత నిండుతూ పోయింది. స్నాతకం దాటింది. జీలకర్ర బెల్లం దాటింది. ఊరేగింపు దగ్గర నేను తెర చూడలేదు, వేడి చూపించే అంకె చూశాను. పెరిగింది. హద్దుకు కాస్త ఇవతల నిలబడింది. ఇంక పెరగలేదు. కప్పు మీద చెయ్యి పెడితే వేడిగాలి బలంగా పైకి కొడుతోంది. బావగారు కూడా చెయ్యి పెట్టారు. పెట్టి చాలాసేపు ఉంచారు.

సాయంత్రం కాకుండానే సినిమా పూర్తిగా బయటికి వచ్చింది.

ఎక్కడి నుంచి చూద్దామని అడిగాను. "ఊరేగింపు ఎయ్" అన్నారు. కుర్చీ తెరకు దగ్గరగా లాక్కుని, తెర సగం కనబడకుండా కూర్చున్నారు. నేను వెనక నిలబడ్డాను. బ్యాండు మేళం వచ్చింది. బాణసంచా వెలుగులో పిల్ల ముఖం వచ్చింది. దాని ముందు నుంచి ఒక పెద్ద వీపు అడ్డంగా నడిచింది. భుజాన ఇదే తువ్వాలు. మేళం కాస్త తగ్గింది. కెమెరా పక్క నుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఒరే అన్నా, అడ్డం తప్పుకో! పిల్ల కనపడటం లేదు."

ఆ మాట అక్కడ వినపడాలనే ఆయన మేళం తగ్గించి ఉంచాడు. అది పొరపాటు కాదు. కోసేయాలనుకుంటే కోసేసేవాడు.

బావగారు లేచి, కుర్చీ పట్టుకుని, పక్కకు జరిపి కూర్చున్నారు. తెర మొత్తం నాకు కనబడింది.